లవంగ నూనెతో ఉక్కును ఆమ్లం నుంచి కాపాడే ప్రయోగం: డిగ్రీ ల్యాబులో సరిగ్గా చేయడం ఎలా

కాకినాడలో ఉండేవాళ్లకు తుప్పు గురించి ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. సముద్రపు గాలికి గేట్లు, కిటికీ చువ్వలు, మేడ మీద బయటికి వచ్చిన ఊచలు ఏమవుతాయో రోజూ చూస్తూనే ఉంటాం. అందుకేనేమో, మా డిగ్రీ కాలేజీలో ప్రాజెక్టులు పంచే రోజు "మేడం, మొక్కల నూనెలతో తుప్పు ఆపే టాపిక్ మాకివ్వండి" అని ఏదో ఒక బ్యాచ్ తప్పకుండా అడుగుతుంది. నాకూ ఇష్టమైన టాపిక్కే. ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు, నాలుగు దశాంశాల వరకు చూపించే తూకం ఉంటే పని నడుస్తుంది. అయితే ఈ ప్రయోగంలో ఉక్కు కరగడం 80 శాతం, 90 శాతం తగ్గిందనే ఫలితాలు చాలా తేలిగ్గా వచ్చేస్తాయి. అది నిజంగా నూనె చేసిన పనేనా, లేక నూనెతో పాటు మనం పోసిన ఇంకోదాని పనా అన్నది తేల్చేది నూనె లేని బీకరు, అంటే బ్లాంక్. అందుకే కింద చెప్పేవాటిలో ఎక్కువ భాగం బ్లాంక్ చుట్టూనే తిరుగుతుంది.

ముందు ఒక సంగతి స్పష్టం చేసుకోవాలి. ఈ ప్రయోగం గేటు తుప్పు గురించి కాదు. గాలిలో, నీళ్లలో పట్టే తుప్పుకు ఆక్సిజన్ కావాలి. మనం చేసేది ఆమ్లంలో ఉక్కు కరిగిపోవడం. ఇనుము ఎలక్ట్రాన్లు వదిలి ద్రావణంలోకి పోతుంది, ఆ ఎలక్ట్రాన్లను హైడ్రోజన్ అయాన్లు అందుకుని బుడగలుగా పైకి వస్తాయి. ఫ్యాక్టరీల్లో ఇది రోజూ ఎదురయ్యే సమస్య. జింకు పూత వేసే ముందు ఉక్కు మీది నల్లటి పొరను, తుప్పును ఆమ్లపు తొట్టెలో ముంచి తీసేస్తారు. దాన్ని పిక్లింగ్ అంటారు. తుప్పు పోయాక కూడా ఆమ్లం ఊరుకోదు, మంచి లోహాన్నీ తినేస్తుంది. చమురు బావుల్లోకి 15 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం పంపేటప్పుడు లోపలి గొట్టాలకూ ఇదే ముప్పు. కృష్ణా గోదావరి బేసిన్ పక్కనే ఉన్న మన పిల్లలకు ఈ ఉదాహరణ బాగా అర్థమవుతుంది. అలాంటి చోట్ల ఆమ్లంలో కొద్దిగా నిరోధకం, అంటే లోహం కరగడాన్ని తగ్గించే పదార్థం, కలుపుతారు. ఇప్పటికీ వాడుతున్న ప్రొపార్జిల్ ఆల్కహాల్ లాంటివి మనుషులకు విషం. వాటి బదులు మొక్కల నుంచి వచ్చేది దొరుకుతుందా అన్నదే మన ప్రశ్న. ఆలోచన కొత్తదేమీ కాదు. 1930ల్లోనే సల్ఫ్యూరిక్ ఆమ్లపు పిక్లింగ్ తొట్టెల్లో మొక్కల సారాలు కలిపి చూశారు.

ఏ నూనె తీసుకోవాలి

మొదటిసారి చేసేవాళ్లకు నేను లవంగ నూనే చెబుతాను. అందులో అధిక భాగం యూజినాల్ అనే ఒకే పదార్థం. బెంజీన్ వలయం, దానికి ఆక్సిజన్ ఉన్న రెండు సమూహాలు ఉంటాయి. ఆక్సిజన్ మీది ఒంటరి ఎలక్ట్రాన్ జంటలు, వలయంలోని పై (π) ఎలక్ట్రాన్లు ఇనుము ఉపరితలానికి అతుక్కోవడానికి సాయపడతాయి. ఉపరితలం ఎంత కప్పబడితే కరగడం అంత తగ్గుతుంది. పైగా మిగతా సుగంధ తైలాలతో పోలిస్తే యూజినాల్ నీటిలో కాస్త మెరుగ్గా కరుగుతుంది. ఈ లక్షణం తర్వాత చాలా ఇబ్బందులు తప్పిస్తుంది.

నిమ్మగడ్డి తైలంలో ముఖ్యమైనది సిట్రాల్, సుమారు 70 నుంచి 80 శాతం వరకు ఉంటుంది. పని బాగానే చేస్తుంది గానీ సిట్రాల్ ఆమ్లంలో నిలకడగా ఉండదు. నెమ్మదిగా పారాసైమీన్ లాంటి వేరే పదార్థాలుగా మారిపోతుంది. కొన్ని గంటల తర్వాత బీకరు వాసన చూస్తే ఆ నిమ్మ వాసన తగ్గినట్టు తెలుస్తుంది. అప్పుడు ఉక్కును కాపాడుతున్నది సిట్రాలా, దాని నుంచి పుట్టినదా? ఓపిక ఉన్న బ్యాచ్‌కు ఇదే ఒక మంచి ప్రాజెక్టు: అప్పుడే కలిపిన ద్రావణంలో ఒక పలక, ఒక రోజు నిలవ ఉంచిన ద్రావణంలో ఇంకో పలక వేసి పోల్చడం.

నీలగిరి తైలం చవక. జామాయిల్ (యూకలిప్టస్) తోటలు మన దగ్గర కావలసినన్ని ఉన్నాయి కాబట్టి ఆకు తెచ్చి క్లెవెంజర్ పరికరంలో (ఆకును నీళ్లతో మరిగించి నూనె వేరుచేసే గాజు పరికరం) మీరే తీసుకోవచ్చు. కానీ కాగితం మిల్లుల కోసం పెంచే జామాయిల్, మందుల షాపు నూనె తీసే జాతి ఒకటి కావు. నీలగిరి తైలంలో ముఖ్య పదార్థమైన సినియోల్ శాతం బాగా తేడాగా ఉంటుంది. రిపోర్టులో "నీలగిరి తైలం" అని రాసి ఊరుకోకుండా ఏ చెట్టు ఆకు, ఎక్కడిది, ఏ నెలలో కోసినది అని రాయండి.

కొన్న నూనె అయితే ముందు కల్తీ చూడాలి. పచారీ షాపులో పంటి నొప్పికి అమ్మే చిన్న సీసాల్లో వంట నూనె కలిపినవి ఉంటాయి. రెండు పరీక్షలు చాలు. ఒక వంతు లవంగ నూనెకు రెండు వంతుల 70 శాతం ఆల్కహాల్ కలిపితే స్వచ్ఛమైనది తేటగా కలిసిపోతుంది, వంట నూనె ఉంటే తెల్లగా మసకబారుతుంది. రెండోది వక్రీభవన గుణకం. ఫిజిక్స్ డిపార్టుమెంటులో అబ్బే రిఫ్రాక్టోమీటరు ఉంటే అడిగి తెచ్చుకోండి. లవంగ నూనెకు 20 డిగ్రీల దగ్గర సుమారు 1.527 నుంచి 1.535, నిమ్మగడ్డికి 1.483 నుంచి 1.489 మధ్య రావాలి. ఎండాకాలం గదిలో చూస్తే ఈ అంకె కాస్త తక్కువగా వస్తుంది, అది కల్తీ కాదు.

పలకలు

ఫాబ్రికేషన్ షెడ్డులో 1 మిల్లీమీటరు మందం ఎంఎస్ (మైల్డ్ స్టీల్) షీటు అడగండి. అడిగేటప్పుడే సీఆర్ (చల్లగా రోల్ చేసిన) షీటు కావాలని చెప్పండి. హెచ్ఆర్ (వేడిగా రోల్ చేసిన) షీటు మీద నల్లటి పొర ఉంటుంది, దాన్ని రుద్దడానికే మధ్యాహ్నమంతా సరిపోతుంది. జీఐ షీటు అసలు వద్దు. దాని మీద జింకు పూత ఉంటుంది, మీరు కొలిచేది జింకు కరగడం అవుతుంది. ముక్కలన్నీ ఒకే షీటు నుంచి, గ్యాస్ కటింగ్ కాకుండా కత్తెర మిషను మీద కోయించాలి. గ్యాస్ మంట తగిలిన అంచు దగ్గర ఉక్కు స్వభావమే మారుతుంది.

2.5 సెంటీమీటర్లు పొడవు, 2 సెంటీమీటర్లు వెడల్పు సరిపోతుంది. రెండు ముఖాలు, నాలుగు అంచులు కలిపి వైశాల్యం 10.9 చదరపు సెంటీమీటర్లు. వేలాడదీయడానికి పైన చిన్న రంధ్రం వేయించండి. ఈ పరిమాణంలో రంధ్రం వల్ల వచ్చే తేడా పట్టించుకోనక్కర్లేదు. నంబర్లు మార్కరుతో రాస్తే అసిటోన్ తగలగానే పోతాయి, నంబరు పంచితో కొట్టించుకోండి. అంచులు ఆకురాయితో సాపు చేసి, ఎమిరీ పేపరు 220తో మొదలుపెట్టి 400, 600, 800 వరకు వెళ్లండి. పేపరు మార్చిన ప్రతిసారీ పలకను 90 డిగ్రీలు తిప్పి రుద్దితే పాత గీతలు పోయాయో లేదో కనిపిస్తుంది. తర్వాత డిస్టిల్డ్ వాటరు, అసిటోన్, వేడి గాలి, డెసికేటరు. అసిటోన్ తర్వాత చేత్తో పట్టుకోవద్దు, చిమటా వాడండి. వేలి జిడ్డు కూడా ఒక రకం నిరోధకమే.

మన ఊరి తేమలో రుద్దిన పలకను టేబులు మీద వదిలేస్తే తెల్లారేసరికి ఎర్ర చుక్కలు తేలతాయి. కాబట్టి రుద్దడం, తూచడం, ముంచడం ఒకే రోజు పెట్టుకోండి.

నూనెను ఆమ్లంలో కలపడం

నూనె, నీళ్లు కలవవు. ఈ ప్రయోగం చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే. సరిగ్గా కలపకపోతే నిమ్మగడ్డి, నీలగిరి తైలాలు పైన తెట్టులా తేలతాయి. పలకను దించేటప్పుడు ఆ తెట్టు పలకంతా పూసుకుంటుంది, గ్రీజు రాసినట్టే. అప్పుడు వచ్చే 95 శాతానికి అర్థం లేదు. లవంగ నూనె నీటి కంటే బరువు కాబట్టి చుక్కలుగా అడుక్కి చేరుతుంది. పలక నూనె అందక మామూలుగానే కరుగుతుంది, "లవంగ నూనె పనిచేయదు" అని తప్పు తీర్పు వస్తుంది.

చాలామంది ట్వీన్-80 (నూనెను నీళ్లలో కలిపే సబ్బులాంటి పదార్థం) గానీ, ఏదైనా డిటర్జెంటు గానీ వేసి కలుపుతారు. కలుస్తుంది, నిజమే. కానీ ఆ సబ్బు అణువులు స్వయంగా ఉక్కుకు అతుక్కుని నిరోధకాలుగా పనిచేస్తాయి. నూనె ఒక్క చుక్క లేకపోయినా మంచి శాతం రావచ్చు. అందుకే నేను మా ల్యాబులో సబ్బులు వద్దంటాను, ఆల్కహాల్ వాడిస్తాను. ఇథనాల్ దొరకడం కష్టమైతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడండి. ఏది వాడినా మొదటి నుంచి చివరి వరకు అదే, అంతే పరిమాణం.

పద్ధతి ఇది. 5 గ్రాముల నూనె తూచి, ఆల్కహాల్‌తో 50 మిల్లీలీటర్లు చేయండి. ఒక్కో మిల్లీలీటరులో 100 మిల్లీగ్రాముల నూనె ఉంటుంది. ప్రతి బీకరులో 245 మిల్లీలీటర్ల ఆమ్లం పోయండి. లీటరుకు 0.2 గ్రాములు కావాలంటే ఈ స్టాకు 0.5 మిల్లీలీటరు, ఉత్త ఆల్కహాల్ 4.5. లీటరుకు 0.5 గ్రాములకు స్టాకు 1.25, ఆల్కహాల్ 3.75. ఒక గ్రాముకు రెండూ 2.5 చొప్పున. రెండు గ్రాములకు స్టాకు 5, విడిగా ఆల్కహాల్ అక్కర్లేదు. ఏ బీకరు చూసినా పైన పోసింది 5 మిల్లీలీటర్లే, మొత్తం 250. నూనె మోతాదు ఒక్కటే మారుతోంది. స్టాకును పిపెట్టుతో సన్నని ధారగా, కలుపుతూ పోయాలి. నిమ్మగడ్డికి రెండు గ్రాముల దగ్గర ద్రావణం పాలలా మసకబారవచ్చు. పైన తెట్టు కట్టిందంటే మాత్రం ఆ మోతాదును వదిలేసి, తక్కువ మోతాదుల దగ్గరే ఆగండి.

ఇప్పుడు బ్లాంక్. ఒకటి కాదు, రెండు పెట్టాలి. మొదటి దాంట్లో 245 ఆమ్లం, 5 మిల్లీలీటర్ల నీళ్లు. రెండో దాంట్లో 245 ఆమ్లం, 5 మిల్లీలీటర్ల ఉత్త ఆల్కహాల్. రెండింటిలో బరువు నష్టం దాదాపు సమానంగా వస్తే ఆల్కహాల్ జోక్యం లేదని మీ చేతిలో రుజువున్నట్టే. తేడా వస్తే నూనె బీకర్లను రెండో బ్లాంక్‌తోనే పోల్చాలి. తప్పనిసరై ట్వీన్ వాడినా ఇదే సూత్రం: ట్వీన్ మాత్రమే ఉన్న బ్లాంక్ లేకుండా ఫలితం చెప్పకూడదు. వైవాకు వచ్చే ఎగ్జామినరు మొదట అడగాల్సిన ప్రశ్న ఇదే. అడగకపోయినా మీ రికార్డులో జవాబు ఉండాలి.

ఆమ్లం, ఉష్ణోగ్రత

ఒక మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లానికి సీసాలోని గాఢ ఆమ్లం లీటరుకు 85 నుంచి 90 మిల్లీలీటర్లు పడుతుంది. నీళ్లలో ఆమ్లం పోయాలి, ఎప్పుడూ అలాగే, ఫ్యూమ్ హుడ్ కింద, కళ్లద్దాలు, గ్లోవ్స్ పెట్టుకుని. తర్వాత సోడియం కార్బొనేటుతో టైట్రేట్ చేసి అసలు గాఢత రాసుకోండి. మొత్తం ప్రయోగానికి కావలసిన ఆమ్లం ఒకేసారి తయారు చేయడం మంచిది. రెండు బ్లాంక్‌లు, నాలుగు మోతాదులు కలిపి ఒక విడతకు ఆరు బీకర్లు. మూడు విడతలు చేస్తారు కాబట్టి 5 లీటర్లు చేసి పెట్టుకోండి. మూడు పలకలూ ఒకే రోజు ఒకే బీకరులో వేయడం కంటే, మూడు వేర్వేరు రోజులు పూర్తి సెట్టు చేయడం నయం. ప్రతి రోజుకూ తన బ్లాంక్ తనకు ఉంటుంది.

పలక వైశాల్యంలో చదరపు సెంటీమీటరుకు కనీసం 20 మిల్లీలీటర్ల ద్రావణం ఉండాలని ఏఎస్‌టీఎం జీ31 (లోహాలను ద్రావణంలో ముంచి తుప్పు పరీక్షించే అంతర్జాతీయ పద్ధతి) ప్రమాణం చెబుతుంది. మన 250 ఆ లెక్కకు సరిపోతుంది. 50 మిల్లీలీటర్ల బీకరులో పెద్ద పలకను ఇరికించి చేస్తే ఆమ్లం బలం తగ్గుతూ పోతుంది, ఇనుము అయాన్లు పేరుకుంటాయి.

వాటర్ బాత్ వేడి చేయగలదే గానీ చల్లబరచలేదు. పేపర్లలో చూసి 30 డిగ్రీలు పెట్టుకుందామంటారు పిల్లలు. డిసెంబరు, జనవరిలో కుదురుతుంది. ఏప్రిల్ మధ్యాహ్నం మన ల్యాబులో కుదరదు. అప్పుడు 40 పెట్టండి, బ్లాంక్ కూడా 40 దగ్గరే ఉంటుంది కాబట్టి పోలిక చెడదు. వీలుంటే 40, 50, 60 మూడూ చేయండి. వేడి పెరిగేకొద్దీ నూనె కాపాడే సామర్థ్యం పడిపోతుంటే అణువులు ఉపరితలానికి బలహీనంగా అతుక్కున్నాయని ఒక సూచన. సుగంధ తైలాలతో ఎక్కువగా ఇదే కనిపిస్తుంది, ఆవిరైపోయే భాగం కూడా ఉంటుంది మరి. అంతకంటే ఎంతో వేడిగా ఉండే చమురు బావి అడుగున ఈ నూనెలు ఒంటరిగా నిలబడతాయని నేను అనుకోను.

ముంచడం, తీయడం, తూచడం

పలకను చేపల గాలానికి కట్టే తంగూసు దారంతో గాజు కడ్డీకి వేలాడదీయండి. లోహపు తీగ కడితే రెండు లోహాల మధ్య కరెంటు పుట్టి లెక్క తప్పుతుంది. పలక పూర్తిగా మునగాలి, గోడకు ఆనకూడదు. బీకరుకు ఒకటే పలక. పైన వాచ్ గ్లాసు వదులుగా మూయండి: నూనె ఆవిరి కొంతైనా ఆగుతుంది, హైడ్రోజన్ బయటికి పోతుంది. దగ్గర్లో బర్నరు వెలిగించవద్దు.

ఆరు గంటలు చాలు. మొదటి పది నిమిషాలు మాత్రం కదలకుండా చూడండి. బ్లాంక్ పలక మీద బుడగలు వరసగా పైకి వస్తుంటాయి, నూనె ఉన్న బీకరులో అవి పలచబడతాయి. తూకం చెప్పబోయేది కంటికి ముందే కనిపిస్తుంది. పిల్లలతో ఈ ప్రయోగం చేయించడం నాకు ఇంత ఇష్టం కావడానికి ఆ పది నిమిషాలే కారణం.

తీసిన వెంటనే డిస్టిల్డ్ వాటరులో కడిగి, పలచటి సోడియం బైకార్బొనేటులో ఒకసారి ముంచి, మళ్లీ నీళ్లలో కడగండి. మెత్తటి నైలాన్ బ్రష్‌తో నల్లటి మసి పోయేలా రుద్ది, అసిటోన్‌లో ముంచి వేడి గాలితో ఆరబెట్టండి. ఇక్కడ ఆలస్యం చేస్తే కళ్ల ముందే గోధుమ రంగు తుప్పు కమ్ముతుంది. నూనె బీకరు నుంచి తీసిన పలకకు అసిటోన్ రెండుసార్లు వాడండి. అతుక్కున్న నూనె బరువు కలిస్తే నష్టం తక్కువగా కనిపిస్తుంది. తుప్పు తీయడానికి చాలా పుస్తకాల్లో యాంటిమొని ఆక్సైడుతో చేసే క్లార్క్ ద్రావణం చెబుతారు. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో చేసే ఈ చిన్న ప్రయోగంలో తుప్పు పొర మిగలదు కాబట్టి ఆ విషపదార్థం జోలికి పోనక్కర్లేదు.

లెక్క

బ్లాంక్ నష్టంలోంచి నూనె బీకరు నష్టం తీసేసి, బ్లాంక్ నష్టంతో భాగించి, 100తో గుణిస్తే సామర్థ్య శాతం. ఉదాహరణకు బ్లాంక్‌లో 60 మిల్లీగ్రాములు, నూనెతో 15 మిల్లీగ్రాములు పోయాయనుకోండి. 60లో 45 మిగిల్చింది, అంటే 75 శాతం.

శాతంతో పాటు తుప్పు రేటు కూడా ఇవ్వాలి. సూత్రం: 87.6ను మిల్లీగ్రాముల్లో నష్టంతో గుణించి, చదరపు సెంటీమీటర్లలో వైశాల్యం, గంటలు, సాంద్రత మూడింటి లబ్ధంతో భాగించాలి. ఉక్కు సాంద్రత 7.85. పై ఉదాహరణలో 10.9, 6, 7.85 గుణిస్తే 513.4. బ్లాంక్‌కు ఏడాదికి 10.2 మిల్లీమీటర్లు, నూనెతో 2.6 మిల్లీమీటర్లు వస్తుంది. ఈ రెండో అంకె చూడండి. 75 శాతం కాపాడినా ఒక మిల్లీమీటరు షీటు అదే ఆమ్లంలో కొద్ది నెలల్లో పోతుంది, రెండు వైపుల నుంచీ తింటుంది కదా. పిక్లింగ్ తొట్టెలో ఉక్కు ఉండేది నిమిషాలు, అక్కడ ఈ 75 శాతం విలువైనదే. ఆమ్లం నిలవ ఉంచే ట్యాంకుకు పనికిరాదు.

మూడు విడతల అంకెలు విడివిడిగా రాసి సగటు ఇవ్వండి. ఒకటి మిగతా రెండింటికి బాగా దూరంగా ఉంటే దాన్ని కొట్టేయకండి, నాలుగోసారి చేయండి. నూనె మోతాదుకూ ఉపరితలం ఎంత కప్పబడిందన్నదానికీ ఉన్న సంబంధం చూపే లాంగ్‌మ్యూర్ గ్రాఫు గీయవచ్చు, సరళరేఖ తరచూ వస్తుంది. దాని నుంచి స్వేచ్ఛాశక్తి లెక్కగట్టి "ఇది భౌతిక అధిశోషణం" (అణువులు రసాయన బంధం లేకుండా బలహీనంగా అతుక్కోవడం) అని తేల్చడం మాత్రం నేను ఒప్పుకోను. ఆ సూత్రానికి మోలార్ గాఢత కావాలి. నూనె అనేక పదార్థాల మిశ్రమం, దానికి ఒక అణుభారం ఉండదు. అది తప్పకుండా కావాలంటే శుద్ధమైన యూజినాల్ కొని, అదే ప్రయోగం దానితో మళ్లీ చేయండి. నూనె ఫలితం, యూజినాల్ ఫలితం పక్కపక్కన పెడితే కాపాడుతున్నది యూజినాల్ ఒక్కటేనా అన్న ప్రశ్నకూ జవాబు దొరుకుతుంది.

మరి ఇంటి గేటుకు ఈ నూనె రాయవచ్చా? వద్దు. ఆవిరైపోతుంది, వానకు కడుక్కుపోతుంది. గేటును గీకి రెడ్ ఆక్సైడ్ ప్రైమరు వేసి, పైన ఎనామిల్ పెయింటు రెండు కోట్లు వేయండి.

ప్రయోగం అయ్యాక ఆమ్లాన్ని సింకులో పోయకండి. పెద్ద ప్లాస్టిక్ బకెట్లో నీళ్లు తీసుకుని ఆమ్లం అందులో పోసి, సున్నపు నీళ్లు కొద్దికొద్దిగా కలుపుతూ పీహెచ్ పేపరు 7, 8 మధ్య చూపించేదాకా వెళ్లండి. ముందు ఆకుపచ్చగా, తర్వాత గాలికి గోధుమ రంగులోకి మారే ఇనుము మడ్డి అడుగున చేరుతుంది. అది ఒక రాత్రి పేరుకున్నాక పైతేటను వంపేసి, మడ్డిని వడకట్టి ల్యాబు వ్యర్థాల డబ్బాలో వేయండి. మిగిలిన అసిటోన్, ఆల్కహాల్ మూత ఉన్న వేరే సీసాలోకి. నూనె స్టాకును నల్ల సీసాలో బిగించి ఫ్రిజ్‌లో పెడితే రెండో విడతకు అదే పనికొస్తుంది.